మూడు చెరువుల నీళ్లు తాగిన మాట

కిందటి వారం మా అన్నయ్య కొడుకు ఊరి నుంచి ఫోన్ చేశాడు. మిరప తోటలో మొక్కలు అక్కడక్కడా వడలి, నిలువునా ఎండిపోతున్నాయట. పురుగుమందుల కొట్టాయన కాపర్ ఆక్సీక్లోరైడ్ ఇచ్చి, లీటరు నీళ్లకి 3 గ్రాములని లెక్క చెప్పాడట. "నిన్న పొద్దుటినుంచీ డ్రెంచింగే బాబాయ్, నడుము పడిపోయింది" అన్నాడు. వాడు పదో తరగతితో చదువు ఆపేశాడు. నేను ముప్పై ఏళ్ల పైచిలుకు కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. అయినా డ్రెంచింగ్ అనే మాట వాడి నోట పలికినంత ధీమాగా నా నోట ఎప్పుడూ పలకలేదు.

పొలంలో దిగని శ్రోతల కోసం ఒక ముక్క చెప్పాలి. పిచికారీ వేరు, డ్రెంచింగ్ వేరు. పిచికారీ ఆకుల మీద పడుతుంది. డ్రెంచింగ్ అంటే స్ప్రేయర్ నాజిల్ ఊడదీసి, మొక్క మొదట్లో, వేరు దాకా దిగేలా మందునీళ్లు పోయడం. ఒక్కో మొక్క దగ్గరా వంగాలి, ఆగాలి, పోయాలి, మళ్లీ లేవాలి. నడుము పడిపోవడం మాట వట్టిది కాదు.

ఫోన్ పెట్టేశాక నాకు నవ్వాగలేదు. "మూడెకరాలు డ్రెంచ్ చేశాను" అన్న మాట ఆరు వందల ఏళ్ల కిందట లండన్‌లో ఎవరి చెవినన్నా పడితే, ఆ మనిషి గుండెల మీద చేయి వేసుకుని "ఎంతమందిని ముంచి చంపావు నాయనా?" అని అడిగేవాడు. ఎందుకంటే ఆ రోజుల్లో డ్రెంచ్ అంటే తడపడం కాదు. నీళ్లలో మునిగి చావడం, లేదా ముంచి చంపడం. ఇవాళ ఆ పనికి ఇంగ్లీషు వాళ్లు వాడే డ్రౌన్ అనే మాట అప్పటికింకా దేశమంతా పాకలేదు. చావు బరువు మోసింది ఈ డ్రెంచే.

ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో డి అక్షరం ఉన్న సంపుటం 1897లో వచ్చింది. అందులో డి అక్షరానికి జేమ్స్ మర్రే సంపాదకుడు. ఆ నిఘంటువులో ఒక ఆనవాయితీ ఉంది. వాడుకలోంచి పోయిన మాటకైనా, పోయిన అర్థానికైనా ముందర ఒక చిన్న బాకు గుర్తు వేస్తారు. డ్రెంచ్ అన్న చోట చూడండి, మునిగి చావడం అనే అర్థం మీద ఆ బాకు దిగి ఉంటుంది. తడవడం అనే అర్థం మాత్రం నిక్షేపంగా బతికే ఉంది. మాట మిగిలి, దానిలోని చావు చచ్చిపోయింది. అదెలా జరిగిందన్నదే ఈ పూట మన ముచ్చట.

మొదలు పెట్టాల్సింది తాగడం దగ్గర. ఇంగ్లీషులో తాగడాన్ని డ్రింక్ అంటారని వేరే చెప్పక్కర్లేదు. వెయ్యేళ్ల కిందటి ప్రాచీన ఇంగ్లీషులో అది ద్రింకన్. దానికి ప్రేరణార్థకం ద్రెంకన్, అంటే తాగేలా చేయడం. ప్రేరణార్థకం అనగానే చిన్నయసూరి గుర్తొచ్చి రేడియో కట్టేయకండి. రోజూ మీ నోట్లో ఆడే సంగతే ఇది. మునుగు, ముంచు. నిండు, నింపు. దిగు, దింపు. తాగు, తాపు. బిడ్డ పాలు తాగుతుంది, తల్లి తాపుతుంది. పశువు మందు తాగదు, మనం తాపాలి. ఇంగ్లీషులోనూ ఒకప్పుడు ఇలాంటి జంటలు చాలా ఉండేవి. ఇప్పుడు కొన్నే మిగిలాయి. సిట్ అంటే కూర్చోవడం, సెట్ అంటే కూర్చోబెట్టడం. ఫాల్ అంటే పడటం, ఫెల్ అంటే చెట్టును పడగొట్టడం. ఆ వరసలోదే డ్రింక్, డ్రెంచ్. కాకపోతే ఈ జంట ఎప్పుడో విడిపోయి, ఒకరి మొహం ఒకరు గుర్తుపట్టలేనంత దూరం వెళ్లిపోయారు.

డ్రింక్‌లో చివర ఉన్న క శబ్దం డ్రెంచ్‌లో చ ఎందుకైందని క్లాసులో ఒకమ్మాయి అడిగింది ఒకసారి. మంచి ప్రశ్న. పక్కన ఇ, య లాంటి శబ్దం ఉంటే నాలుక ముందుకు జరిగి క కాస్తా చ అవుతుంది. ఇది ఇంగ్లీషు వాళ్ల సొంత సొత్తేం కాదు. కన్నడం వాళ్లు కివి అంటారు, మనం చెవి అంటాం. వాళ్లు కెరె అంటారు, మనం చెరువు అంటాం. వాళ్ల కెరె మన చెరువైన దారిలోనే, ద్రింకన్ పక్కనున్న ద్రెంకన్ కూడా డ్రెంచ్ అయింది. ఆ అమ్మాయి బళ్లారి వైపు నుంచి వచ్చింది. ఇంట్లో రెండు భాషలూ ఆడతాయట. నేను వాక్యం పూర్తి చేసేలోపే నవ్వేసింది.

సరే, తాగించడం ముంచి చంపడం ఎలా అయింది? ఈ ప్రశ్న తెలుగువాళ్లకి వేరొకరు విప్పి చెప్పాలా? "ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్లు తాగించాడు" అంటాం కదా. ఒకడిని చిత్రవధ చేయడమంటే మన భాషలో నీళ్లు తాగించడమే. ఆ పాత ఇంగ్లీషు వాళ్లు మూడు చెరువుల దాకా వెళ్లలేదు. ఒక్క చెరువుతోనే పని ముగించారు.

ఒక్కళ్లు కాదు, ఆ భాషాకుటుంబంలో అందరూ అంతే. జర్మన్‌లో నీళ్లలో మునిగి చావడాన్ని ఎర్‌ట్రింకెన్ అంటారు. ట్రింకెన్ అంటే తాగడం. ముందున్న ఎర్ ఆ పని కడదాకా సాగిందని చెబుతుంది. కడదాకా తాగాడు, పోయాడు. స్వీడన్‌లో డ్రుంక్నా, డెన్మార్క్‌లో డ్రుక్నె, హాలండ్‌లో వర్‌డ్రింకెన్. అన్నిట్లోనూ లోపల తాగడమే ఉంది. ఉత్తర సముద్రం చుట్టూ ఉన్న జాలర్లందరూ ఒకే మాట మీద నిలబడ్డారన్నమాట: నీళ్లలో పోయినవాడు తాగి పోయాడు.

ఇక్కడ ఒక పాత దుర్ఘటన చెప్పాలి. 1120 నవంబరు 25 రాత్రి. ఇంగ్లాండు రాజు మొదటి హెన్రీ ఫ్రాన్సు ఒడ్డున బార్‌ఫ్లర్ రేవు నుంచి స్వదేశానికి బయల్దేరాడు. ఆయన ఓడ ముందు వెళ్లిపోయింది. ఆయన ఏకైక వారసుడు, పదిహేడేళ్ల రాకుమారుడు విలియం వెనక ఉండిపోయాడు. అతనికి కొత్త ఓడ సిద్ధంగా ఉంది, తెల్ల ఓడ అని పేరు. కళాసులు రాకుమారుడిని మందు అడిగారు. కుర్రాడు, పైగా రాజుగారి బిడ్డ, కాదంటాడా? ద్రాక్షసారా పీపాలు దొర్లాయి. కళాసులు తాగారు, దొరలు తాగారు, సైనికులు తాగారు. దీవించడానికి వచ్చిన పూజారులను ఎగతాళి చేసి పంపించేశారు. బ్లాయ్ వంశపు స్టీఫెన్ మాత్రం కడుపులో గడబిడగా ఉందని చివరి నిమిషంలో దిగిపోయాడు. ఆ కడుపు గడబిడే తర్వాత అతన్ని సింహాసనం మీద కూర్చోబెట్టింది, అది వేరే కథ.

ఓడ చీకట్లో రేవు దాటింది. ముందు వెళ్లిన రాజును అందుకోవాలని తెడ్లు గట్టిగా వేశారు. రేవు బయటే నీళ్లలో దాగిన రాయి ఉంది. దాన్ని కొట్టుకుంది. రాకుమారుడిని చిన్న పడవలోకి దింపేశారు, బతికి బయటపడేవాడే. వెనక సవతి అక్క కేకలు పెడుతుంటే పడవ వెనక్కి తిప్పించాడు. నీళ్లలో కొట్టుకుంటున్నవాళ్లంతా ఒక్కసారి ఆ పడవను పట్టుకున్నారు. అంతే. ఆ కాలపు చరిత్రకారుడు ఆర్డెరిక్ లెక్క ప్రకారం ఓడలో ఉన్నది దాదాపు 300 మంది. తెల్లారాక ప్రాణాలతో మిగిలింది ఒక్కడు. రూయెన్ ఊరి కసాయి. దొరలు పట్టుబట్టలతో చలికి కొయ్యబారిపోతే, అతన్ని కాపాడింది ఒంటి మీది పొట్టేలు తోలు కోటు. ఓడ యజమాని థామస్ నీళ్లపైకి తేలి, రాకుమారుడేడని అడిగి, పోయాడని తెలిసి, ఇక తను బతికి ఏం చెప్పుకోవాలని మళ్లీ మునిగిపోయాడట. రాజుకు ఈ వార్త చెప్పే ధైర్యం ఆస్థానంలో ఎవరికీ లేకపోయింది. చివరికి ఒక చిన్న పిల్లవాణ్ని పంపి కాళ్ల మీద పడి ఏడిపించారు.

పీటర్‌బరో మఠంలో సన్యాసులు అప్పటికీ ఇంగ్లీషులో ఏడాదివారీ చరిత్ర రాసుకుంటున్నారు. నార్మన్ల దొరతనంలో అందరూ లాటిన్‌కీ ఫ్రెంచికీ మళ్లినా వాళ్లు వదల్లేదు. 1120 సంవత్సరం కింద రాజు కొడుకులు పోయారని రాస్తూ వాళ్లు వాడిన మాట ఆద్రుంకెన్. డ్రెంచ్‌కి స్వయానా తోబుట్టువు. ద్రుంకెన్ అంటే తాగి ఉన్నవాడు. ముందు ఒక్క ఆ చేరిస్తే ఆద్రుంకెన్, నీళ్లలో పోయినవాడు. రాత్రి ఓడెక్కినప్పుడు అందరూ ద్రుంకెన్. తెల్లారేసరికి అందరూ ఆద్రుంకెన్. ఆ రాసిన సన్యాసి దీన్ని గమనించి ముసిముసిగా నవ్వుకున్నాడో లేదో గానీ, నేను మాత్రం పాఠం చెప్పిన ప్రతి ఏడూ ఈ చోట ఆగేవాణ్ని.

ఇక కవి చాసర్ కాలానికి వద్దాం. ఆయన 1400లో పోయాడు. ఆయన కాంటర్‌బరీ కథల్లో డ్రెంచ్ ఇంకా పూర్తి పదవిలో ఉంది. గ్రహాలు దేవతలై మాట్లాడే ఒక చోట శని తన ప్రతాపం ఏకరువు పెడతాడు. అవును, మన శనే. అక్కడా ఆయన నెమ్మదిగా తిరుగుతాడు, అక్కడా ఆయన చూపు మంచిది కాదు. చెరసాల నాదే, ఉరితాడు నాదే అంటూ సముద్రంలో డ్రెంచ్ అయ్యేవాళ్లను కూడా తన ఖాతాలోనే వేసుకుంటాడు. ఏల్నాటి శని గురించి ఎరిగిన మనకి ఆ పద్దు చదివితే కొత్తగా ఏమీ అనిపించదు.

అదే పుస్తకంలో మరపట్టేవాడు చెప్పే కథలో ఈ మాట నవ్వుల పాలవుతుంది. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక ముసలి వడ్రంగి, అతనికి పడుచు పెళ్లాం, వాళ్లింట్లో అద్దెకుండే జ్యోతిషం చదివిన కుర్రాడు. ఈ ముగ్గురూ ఒకే కప్పు కింద ఉంటే ఏం జరుగుతుందో మీరు ఊహించగలరు. కుర్రాడు ఒకరోజు గ్రహాలు చూసినట్టు నటించి, వచ్చే సోమవారం రాత్రి వాన పడుతుంది, నోవా కాలపు జలప్రళయం దానిముందు సగం కూడా కాదు, గంటలో మనుషులంతా డ్రెంచ్ అయిపోతారని చెబుతాడు. ముసలాయన ముందు తన సంగతి తలచుకోడు. అయ్యో, నా భార్య డ్రెంచ్ అయిపోతుందా అని అల్లాడిపోతాడు. నవ్వులాట కథలో ఆ ఒక్క క్షణం మాత్రం నాకు నవ్వు రాదు. మాట బరువు అప్పుడు తెలుస్తుంది. పెళ్లాం వానలో తడుస్తుందని ఏ మొగుడూ అంత కుమిలిపోడు. తర్వాత వడ్రంగి మూడు తొట్లు దూలాలకు వేలాడదీసి, ఒకదాంట్లో ఎక్కి పడుకోవడం, కిందెవరో రేడియోలో చెప్పరాని చోట కాలి నీళ్లు నీళ్లు అని అరవడం, ప్రళయం వచ్చేసిందని ముసలాయన తాడు కోసేసి నేలమీద పడి చెయ్యి విరగ్గొట్టుకోవడం, అదంతా మీరే చదువుకోండి.

చాసర్ ఈ మాట రాసే నాటికే ఉత్తరాది నుంచి పోటీదారు దిగిపోయాడు. స్కాండినేవియా నుంచి వచ్చి ఇంగ్లాండు ఉత్తరాన, తూర్పున స్థిరపడ్డ వైకింగుల భాషలో మునిగి చావడానికి ద్రుక్నా అనే మాట ఉండేది. దాని వారసుడే డ్రౌన్ అని పండితులు చెబుతారు. 1300 ప్రాంతం నుంచి అది రాతల్లో కనిపిస్తుంది. గుడ్డుకు ఎగ్, ఆకాశానికి స్కై, కిటికీకి విండో ఇచ్చినవాళ్లే ఇదీ ఇచ్చారు. తమాషా ఏమిటంటే ఆ ద్రుక్నా కూడా తాగుడు ఇంటిదే. అంటే డ్రెంచ్‌ను గద్దె దింపింది పరాయివాడు కాదు, దాయాది.

ఒకే పనికి ఇద్దరు మనుషులుంటే ఒకరు పక్కకి తప్పుకోవాల్సిందే. విక్లిఫ్ పేరుతో చెలామణీ అయ్యే 1380ల నాటి బైబిలులో, చిన్నపిల్లలను తప్పుదోవ పట్టించేవాడి మెడకు తిరగలిరాయి కట్టి సముద్రంలో పడేయడం మేలన్న చోట డ్రెంచ్ ఉంది. 1611లో జేమ్స్ రాజు చేయించిన బైబిలులో అదే వాక్యం దగ్గర డ్రౌన్ కూర్చుంది. ఈ రెండు పుస్తకాల మధ్య రెండు వందల ముప్పై ఏళ్లు. ఆ వ్యవధిలోనే పదవి చేతులు మారింది.

మారే సమయంలో మధ్యలో నిలబడి రెండు పడవల మీదా కాళ్లేసింది షేక్‌స్పియర్. లియర్ రాజు తుపానులో నిలబడి ఆకాశాన్ని తిడుతూ, చర్చి గోపురాలు తడిసిపోయేదాకా, వాటి కొసనున్న గాలికోళ్లు మునిగిపోయేదాకా కురవమంటాడు. గోపురాలకు డ్రెంచ్, కోళ్లకు డ్రౌన్. ఒకే పంక్తిలో రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. చావు డ్రౌన్‌కి వెళ్లింది, తడి డ్రెంచ్‌కి మిగిలింది. ఇంకో నాటకంలో హాట్‌స్పర్ అనే దూకుడు దొరను వెక్కిరిస్తూ రాకుమారుడు హాల్ అతని గుర్రానికి డ్రెంచ్ పట్టించే మాట ఎత్తుతాడు. అక్కడ అది పశువుకి తాపే మందు. మాక్‌బెత్ భార్య రాజుగారి కావలివాళ్లకు సారా పోయించాలని పథకం వేస్తూ, మట్టిలా పడిపోబోయే వాళ్ల స్థితికి వాడిన మాటా ఇదే. అంటే తాగించడం, తడవడం, చావును తలపించే మత్తు, ఇవన్నీ ఒక మనిషి కలంలో ఒకేసారి బతికాయి.

చావు అంతటి మాట తడి దాకా ఎందుకు దిగజారింది? నాకు తోచింది చెబుతాను. మనిషి గోరంతను కొండంత చేసి చెబుతాడు. వానలో ఇంటికొచ్చినవాడు గుమ్మంలో నిలబడి కాస్త తడిశానని అంటాడా? చచ్చాననుకో అంటాడు. మనమూ అంతే. ఆకలితో చచ్చిపోతున్నా, నవ్వలేక చచ్చాం, ఈ బస్సు కోసం చచ్చీ చెడీ వచ్చాం. రోజుకు పదిసార్లు చచ్చే భాష మనది. నూటికి తొంభై తొమ్మిది సార్లు చావు లేకుండా వాడితే ఏ మాటకైనా పదును పోతుంది. ఇంగ్లీషులో స్టార్వ్ అన్న మాట కూడా ఒకప్పుడు ఏ కారణంతోనైనా సరే చచ్చిపోవడమే. జర్మన్‌లో దాని అన్నగారు ష్టెర్బెన్‌కు ఇప్పటికీ చావనే అర్థం. ఇంగ్లీషులో అది ఆకలి దాకా వచ్చి ఆగింది. రేపో మాపో భోజనం ఆలస్యమైనా అదే అంటారు, అంటున్నారు కూడా. డ్రెంచ్‌దీ ఆ బాపతే. తడిసి ముద్దయ్యాననడానికి మునిగి చచ్చాననడం మొదలుపెట్టి, చివరికి ముద్దవడమే మిగిల్చుకున్నారు.

మన తెలుగు ఈ విషయంలో వేరే దారి పట్టింది. మనం నీళ్లలో పోయినవాణ్ని మునిగిపోయాడంటాం. అంటే కిందికి వెళ్లిపోయాడు, కనిపించలేదు. పేపరువాళ్లు గల్లంతు అంటారు. ఇది ఒడ్డున నిలబడి చూసేవాడి మాట. తల ఒకసారి పైకి వచ్చింది, రెండోసారి రాలేదు. కొంప మునిగింది, పుట్టి మునిగింది, నట్టేట ముంచాడు, అన్నిట్లోనూ కళ్లతో చూసే మునకే. ఆ ఉత్తరాది భాషల మాట అలా కాదు. అది ఒడ్డు మీది నుంచి చూడదు. నీళ్లలో ఉన్నవాడి గొంతులో కూర్చుని చెబుతుంది.

ఆ గొంతు సంగతి నాకు స్వయంగా తెలుసు. తొమ్మిదో ఏట మా మోటబావిలో ఈత నేర్చుకున్నాను. నడుముకు జీలుగు బెండ్లు కట్టి మా చిన్నాన్న తోసేవాడు. నాలుగో రోజు బెండ్లు విప్పేసి, చెప్పకుండా తోశాడు. ఎంత లోతుకు పోయానో, ఎంతసేపున్నానో ఇప్పుడు అడిగితే చెప్పలేను. రుచి మాత్రం గుర్తుంది. పాచి రుచి, కొంచెం ఇనుము రుచి, వెచ్చగా పై నీళ్లు, వాటి కింద చల్లగా అడుగు నీళ్లు. రెండూ వేర్వేరుగా గొంతు దిగాయి. పైకి లాగాక మెట్ల మీద కూర్చుని దగ్గుతుంటే మా నాయనమ్మ వచ్చి, మునిగావా అని అడగలేదు. "ఎన్ని నీళ్లు తాగావురా?" అని అడిగింది.

నాయనమ్మ ప్రశ్నలో ఒక తిరకాసు ఉంది. ఆ తిరకాసు వల్ల ప్రాణాలు పోతాయి కాబట్టి ముచ్చట పక్కన పెట్టి ఒక నిమిషం దాని గురించి చెబుతాను. నీళ్లలోంచి తీసిన మనిషి కడుపు నిండా నీళ్లు తాగాడు కాబట్టి వాటిని కక్కిస్తే బతుకుతాడని మన ఊళ్లలో పొట్ట నొక్కుతారు, తలకిందులుగా వేలాడదీస్తారు, భుజాన వేసుకుని పరుగెడతారు. మనమే కాదు, యూరప్ వాళ్లూ పీపా మీద బోర్లా పడేసి దొర్లించేవాళ్లు. 1774లో లండన్‌లో విలియం హాస్, థామస్ కోగన్ అనే ఇద్దరు వైద్యులు నీళ్లలో మునిగి చచ్చిపోయినట్టు కనిపించేవాళ్లను బతికించడానికి ఒక సంఘం పెట్టారు. తర్వాత అది రాయల్ హ్యూమేన్ సొసైటీ అయింది. నోట్లోకి ఊపిరి ఊదడాన్ని వాళ్లు ప్రోత్సహించారు, మంచిదే. దాంతో పాటు కొలిమి తిత్తులతో పొగాకు పొగను వెనక నుంచి ఎక్కించేవాళ్లు కూడా. థేమ్స్ ఒడ్డున ఆ పరికరాలు పెట్టెల్లో సిద్ధంగా ఉండేవి. అక్కడి నుంచి మనం చాలా దూరం వచ్చాం. 2002లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కూడిన నిపుణులు మునకకు కొత్త నిర్వచనం రాసుకున్నారు. అందులో తాగడం ఊసే లేదు. నీటిలో మునగడం వల్ల ఊపిరి ఆడకపోవడం, అంతే. కడుపులోకి పోయిన నీళ్లు చంపవు, ఊపిరి అందకపోవడం చంపుతుంది. అందుకే పొట్ట నొక్కుతూ కూర్చోకండి. ఊపిరి లేకపోతే ముందు నోట్లోకి ఊపిరి ఊదాలి, తర్వాత గుండె మీద నొక్కుతూ రెండూ కొనసాగించాలి, మధ్యలో 108కి ఎవరినైనా ఫోన్ చేయమనాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2021 ఒక్క ఏడాదిలో సుమారు 3 లక్షల మంది నీళ్లలో పోయారు. ఏటా జూలై 25ను వాళ్ల పేరు మీద ఐక్యరాజ్యసమితి కేటాయించింది.

అంటే ఆ పాత మాట చెప్పిన రోగనిర్ణయం తప్పు. తాగి చావలేదు, ఊపిరాడక చచ్చాడు. కానీ సాక్ష్యం తప్పంటే నేనొప్పుకోను. మునిగి తేలినవాణ్ని ఎవరినైనా అడగండి, ముందు నీళ్లు తాగిన సంగతే చెబుతాడు.

ఫోన్ తర్వాత రెండు రోజులకు ఊరు వెళ్లాను. మిరప మొక్కలు కొన్ని కోలుకున్నాయి, కొన్ని పోయాయి. మావాడికి తోటతో పాటు ఓ అరవై గొర్రెలున్నాయి. ఆ రోజు పశువైద్యశాల నుంచి కుర్ర డాక్టరమ్మ, ఒక సహాయకుడు వచ్చి నట్టల మందు తాపుతున్నారు. చేతిలో పిస్తోలులాంటి సాధనం, వెనక మందు డబ్బాకు పైపు. "ఇది డ్రెంచింగ్ గన్ అంకుల్" అంది డాక్టరమ్మ. నేను ఒక్కసారి ఉలిక్కిపడి మళ్లీ సర్దుకున్నాను. వెయ్యేళ్ల నాటి అర్థం, చెక్కుచెదరకుండా, మా దొడ్లో! తాగనిదానికి తాపడం. పుస్తకాల వాళ్లంతా చావు దగ్గరా తడి దగ్గరా తిరుగుతుంటే, గొర్రెలు కాచేవాళ్లు మొదటి అర్థాన్ని చేజారనివ్వలేదు.

మా పాలేరు ముసలాయన కోటయ్యకు ఆ గన్ను మీద నమ్మకం లేదు. చిన్నప్పటి నుంచీ వెదురు గొట్టంతోనే తాపినవాడు. ఒక పొట్టేలును కాళ్ల మధ్య ఇరికించుకుని, గడ్డం కింద చెయ్యేసి, తల ఆకాశం వైపు ఎత్తాడు. గొట్టం నోటి పక్క నుంచి దూర్చబోతుంటే డాక్టరమ్మ గట్టిగా అరిచింది.

"తాతా, తల అంత ఎత్తకు! మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చచ్చిపోద్ది."

కోటయ్య ఆగాడు. పొట్టేలు తలను కొంచెం కిందికి దించాడు, ముక్కు కంటి మట్టానికి వచ్చేదాకా. గొట్టం వంచాడు. గొంతు ఒకసారి కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది. అప్పుడు వదిలాడు. పొట్టేలు తల విదిలించుకుని, మూతి మీది తెల్ల మందు నాక్కుంటూ, మందలో కలిసిపోయింది.